శిక్ష పడిన ఆటగాడికి మన జెర్సీ ఇవ్వవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఫుట్‌బాల్ మీద వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం అడిగాయి. తీవ్రమైన నేరంలో పేరు వినిపించిన ఆటగాడిని అభిమాన క్లబ్ జట్టులోకి తీసుకుంటే అభిమాని ఏం చేయాలన్నదే ఆ విషయం. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం. ఉత్తరాలు రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది తెనాలి. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉంటున్నాను. నాతో పనిచేసే ఒక పెద్దాయన చిన్ననాటి నుంచి షెఫీల్డ్ యునైటెడ్ అభిమాని. అత్యాచారం కేసులో జైలుకు వెళ్లి వచ్చిన ఆ క్లబ్ ఆటగాడు చెడ్ ఎవాన్స్‌ను 2014లో క్లబ్ మళ్లీ శిక్షణకు రానిస్తానన్నప్పుడు ఆయన కూతురు తన సీజన్ టికెట్ తీసి తండ్రి చేతిలో పెట్టి, ఇక మ్యాచ్‌కు రానని చెప్పేసిందట. ఆయనేమో ‘శిక్ష అనుభవించి వచ్చాడు, ఆడనివ్వాలి’ అనే పక్షం. 2016లో ఎవాన్స్ నిర్దోషిగా బయటపడ్డాక ఆయన ‘చూశావా, నేను చెప్పలేదా’ అంటే, ‘ఆ రోజుకు నేను చేసింది సరైనదే’ అని కూతురు జవాబిచ్చిందట. ఇప్పటికీ ఇంట్లో ఆ పేరు వినిపిస్తే భోజనాల బల్ల దగ్గర మాటలు ఆగిపోతాయని ఆయనే చెప్పారు. ఇద్దరిలో ఎవరిది న్యాయం?
– ఒక పాఠకుడు, షెఫీల్డ్

జవాబు: ఆ ఇంట్లో జరిగిన వాదన ఆ రోజుల్లో ఊరంతటా జరిగింది. ఎవరు ఏ రోజున ఏం తెలిసి మాట్లాడారో చూడాలి కాబట్టి ముందు తేదీలు గుర్తు చేసుకుందాం.

2011 మే నెలలో వేల్స్‌లోని రిల్ పట్టణంలో ఒక హోటల్ గదిలో జరిగిన ఘటన మీద, 2012 ఏప్రిల్‌లో కెర్నార్వన్ క్రౌన్ కోర్టు జ్యూరీ, 19 ఏళ్ల యువతిపై అత్యాచారం కేసులో ఎవాన్స్‌ను దోషిగా తేల్చింది. 5 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ గదిలోనే ఉన్న మరో ఆటగాడిని అదే జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. ఆ సీజన్‌లో ఎవాన్స్ క్లబ్‌కు 35 గోల్స్ చేసి ఉన్నాడు. అతడు జైలుకు వెళ్లిన కొన్ని వారాలకే షెఫీల్డ్ యునైటెడ్ పైస్థాయికి వెళ్లే ప్లేఆఫ్ ఫైనల్‌లో హడర్స్‌ఫీల్డ్ చేతిలో పెనాల్టీల్లో 8–7తో ఓడిపోయింది. ‘అతడొక్కడు ఉండి ఉంటే’ అన్న మాట ఆ తర్వాత స్టాండ్స్‌లో ఎన్నిసార్లు వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. అభిమానుల చీలికకు ఈ ఓటమి కూడా ఒక కారణమని నా అభిప్రాయం. గోల్స్ చేయని ఆటగాడి విషయంలో ఇంత పెద్ద నైతిక చర్చ జరిగి ఉండేదా అన్నది అనుమానమే.

2014 అక్టోబరులో అతడు జైలు నుంచి విడుదలయ్యాడు. నవంబరులో, వృత్తి ఫుట్‌బాలర్ల సంఘం అడిగిందంటూ, క్లబ్ అతడికి శిక్షణ సదుపాయాలు ఇస్తామని ప్రకటించింది. కాంట్రాక్టు ఇస్తామని మాత్రం అనలేదు. ప్రజలు ఏమంటారో చూసి అడుగు వేయాలని క్లబ్ అనుకున్నట్టుంది. ప్రజలు అనాల్సింది అన్నారు. టీవీ వ్యాఖ్యాత చార్లీ వెబ్‌స్టర్ క్లబ్ గౌరవ పదవిని వదులుకున్నారు. ఆమె వెనకే మరికొందరు తప్పుకున్నారు. షెఫీల్డ్‌లో పుట్టి పెరిగి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో హెప్టాథ్లాన్ స్వర్ణం గెలిచిన జెస్సికా ఎనిస్-హిల్ పేరును క్లబ్ సొంత మైదానమైన బ్రామాల్ లేన్‌లో ఒక స్టాండ్‌కు పెట్టారు. ఎవాన్స్‌కు కాంట్రాక్టు ఇస్తే ఆ స్టాండ్ మీద నుంచి తన పేరు తీసేయాలని ఆమె చెప్పారు. అలా చెప్పినందుకు ఆమెకు ట్విట్టర్‌లో అత్యాచార బెదిరింపు వచ్చింది. అతడిని తీసుకోవద్దంటూ పెట్టిన వినతిపత్రం మీద లక్షన్నరకు పైగా సంతకాలు పడ్డాయి. పది రోజులు తిరగకముందే క్లబ్ తన మాట వెనక్కి తీసుకుంది.

తర్వాత న్యాయప్రక్రియ మలుపు తిరిగింది. క్రిమినల్ కేసుల పునఃపరిశీలన సంఘం ఈ కేసును అప్పీలు కోర్టుకు పంపింది. 2016 ఏప్రిల్‌లో ఆ కోర్టు పాత తీర్పును కొట్టివేసి మళ్లీ విచారణ జరపాలన్నది. అదే ఏడాది అక్టోబరులో కార్డిఫ్‌లో జ్యూరీ అతడిని నిర్దోషిగా తేల్చింది. చట్టం దృష్టిలో ఎవాన్స్ నిర్దోషి, దానికి ‘కానీ’లు తగిలించడానికి వీల్లేదు. రెండో విచారణలో ఆ యువతి గత జీవితం గురించి సాక్ష్యం వినడాన్ని బ్రిటన్‌లో చాలామంది న్యాయనిపుణులు, మహిళా సంఘాలు తప్పుపట్టిన మాట నిజం. అది సాక్ష్యాల చట్టం మీద జరగాల్సిన చర్చ, దాని పేరు చెప్పి తీర్పును పక్కన పెట్టలేం.

ఇక తండ్రీకూతుళ్ల విషయం. తండ్రి 2014లో అన్న మాటను మళ్లీ చదవండి. ‘శిక్ష అనుభవించి వచ్చాడు’ అన్నారు. అంటే అతడు నేరం చేశాడని ఒప్పుకొనే మాట్లాడారు. నేరం చేసినవాడికైనా శిక్ష తర్వాత అవకాశం ఇవ్వాలన్నది ఆయన వాదన. అది గౌరవించదగిన వాదనే. అయితే 2016 తీర్పు ఆ వాదనను గెలిపించలేదు, ఎందుకంటే అది వేరే ప్రశ్నకు వచ్చిన జవాబు. ‘అతడు నేరమే చేయలేదు’ అని 2014లో అన్నవారు ఎవరైనా ఉంటే, ‘చూశావా’ అనే అర్హత వారికి ఉండవచ్చు. వారిలో కూడా కేసు వివరాలు తెలిసిన కుటుంబ సభ్యులను, న్యాయవాదులను మినహాయిస్తే, మిగిలినవారికి 35 గోల్స్‌ను మించిన ఆధారం ఏముందో నాకు కనిపించదు.

కూతురు అమల్లో ఉన్న తీర్పును నమ్మింది. ఒక పౌరురాలు అంతకన్నా ఏం చేయగలదు? జ్యూరీ చెప్పింది, అప్పటికి పైకోర్టు మార్చలేదు, దాన్ని బట్టి తన ఆదివారాలు ఎలా గడపాలో తాను నిర్ణయించుకుంది. దానికి క్షమాపణ అవసరం లేదు. కానీ 2016 అక్టోబరు తర్వాత కూడా ఆమె అతడిని నేరస్థుడనే పిలుస్తుంటే అది తప్పు. తీర్పు మారినప్పుడు మాట మార్చుకోకపోతే, ముందు తీర్పును గౌరవించానని చెప్పుకొనే హక్కు కూడా పోతుంది. 2017లో క్లబ్ ఎవాన్స్‌ను మళ్లీ తీసుకుంది. అప్పటికి అతడి మీద ఏ శిక్షా లేదు. ఆ తర్వాత మ్యాచ్‌కు వెళ్లాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం, దానికి తండ్రికి గానీ మనకు గానీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

ఇంకొక సంగతి. 2014లో చాలామంది ‘అతడు పశ్చాత్తాపం చూపిస్తే ఆలోచిద్దాం’ అన్నారు. నేరం చేయలేదని మొదటి నుంచీ చెబుతూ అప్పీలుకు వెళ్తున్నవాడు ఆ నేరానికి పశ్చాత్తాపం ఎలా చూపిస్తాడు? ఆ రాత్రి వల్ల జరిగినదానికి క్షమాపణ చెబుతూ 2015 జనవరిలో అతడు ఒక ప్రకటన ఇచ్చాడు, దాని వల్ల ఎవరి కోపమూ తగ్గలేదు. వ్యతిరేకించిన వారి వాదనలో బలహీనమైన భాగం ఇదే.

ప్రశ్న: నేను న్యాయశాస్త్ర విద్యార్థిని. శిక్ష అనుభవించిన వడ్రంగి మళ్లీ వడ్రంగం చేసుకుంటాడు, డ్రైవర్ లారీ ఎక్కుతాడు. ఫుట్‌బాల్ ఆటగాడికి మాత్రం తన పని తాను చేసుకునే హక్కు ఎందుకు ఉండకూడదు? అతడిని అడ్డుకునే అభిమానులు సంస్కరణ అనే భావననే కాదంటున్నారు కదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ ప్రశ్నలో సగంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. జైలు నుంచి వచ్చినవాడికి పని దొరకకపోతే ఆ నష్టం అతడొక్కడిదే కాదు. ఇంగ్లండ్‌లో శిక్షపడిన ఆటగాడు ఆడకూడదనే నిబంధన ఫుట్‌బాల్ సంఘానికి అప్పట్లో లేదు. విచిత్రం ఏమిటంటే క్లబ్ యజమాని కావాలంటే, డైరెక్టర్ కావాలంటే ఒక అర్హత పరీక్ష ఉంది, నేరచరిత్ర చూస్తారు. ఆటగాడికి అలాంటిదేదీ లేదు. నా మటుకు నాకు అది సరైనదే అనిపిస్తుంది, ఎందుకంటే యజమాని చేతిలో ఊరి ఆస్తి ఉంటుంది, ఆటగాడి చేతిలో ఉండేది అతడి ఉపాధి.

అయితే మీరు చెప్పిన సూత్రం మన ముందున్న కేసులకు ఎంతవరకు అతుకుతుందో చూడండి. ఎవాన్స్ 2014లో విడుదలయ్యాడే గాని శిక్ష ముగియలేదు. ఆ శిక్షలో సగం జైలులో, మిగతా సగం బయట షరతులతో గడపాలి. అందుకే మాల్టా దేశపు క్లబ్ ఒకటి అతడికి అవకాశం ఇస్తామన్నప్పుడు, విదేశంలో పనిచేయడం కుదరదని బ్రిటన్ న్యాయశాఖ తేల్చిచెప్పింది. బ్రెజిల్ గోల్‌కీపర్ బ్రూనో సంగతి ఇంకా ఘోరం. 2009లో జాతీయ లీగ్ గెలిచిన ఫ్లమెంగో జట్టులోని ఆటగాడు అతడు. తన బిడ్డకు తల్లి అయిన యువతిని చంపించిన కేసులో 2013లో 22 ఏళ్ల 3 నెలల శిక్ష పడింది. ఆమె మృతదేహం దొరకనే లేదు. అప్పీలు విచారణ ఆలస్యమవుతోందన్న కారణంతో 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు అతడిని తాత్కాలికంగా బయటికి పంపితే, మార్చిలోనే వార్జీన్య పట్టణంలోని బోవా ఎస్పోర్టే అనే చిన్న క్లబ్ కాంట్రాక్టు చేతిలో పెట్టింది. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ధర్మాసనం మళ్లీ జైలుకు పంపింది. ఇక్కడ ‘శిక్ష అనుభవించినవాడికి రెండో అవకాశం’ అనే మాట ఎలా అతుకుతుంది? శిక్ష అప్పటికి మూడో వంతు కూడా కాలేదు.

మరో బ్రెజిల్ ఆటగాడు రోబిన్హో. 2013లో మిలాన్‌లో జరిగిన సామూహిక అత్యాచారం కేసులో 2017లో ఇటలీ కోర్టు 9 ఏళ్ల శిక్ష వేసింది. అప్పీళ్లు నడుస్తుండగా 2020 అక్టోబరులో శాంటోస్ క్లబ్ అతడిని తీసుకుంది, వారం తిరగకుండానే కాంట్రాక్టును నిలిపేసింది. 2022లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం శిక్షను ఖాయం చేసింది, 2024 మార్చిలో బ్రెజిల్‌లోనే అతడు జైలుకు వెళ్లాడు. అంటే క్లబ్ జెర్సీ ఇచ్చే నాటికి అతడి శిక్ష మొదలే కాలేదు.

మీ సూత్రానికి సరిగ్గా సరిపోయే కేసు ఒకటి ఉంది. లీ హ్యూస్ అనే ఆటగాడికి, ప్రమాదకరంగా కారు నడిపి ఒక మనిషి మరణానికి కారణమైనందుకు 2004లో 6 ఏళ్ల శిక్ష పడింది. సగం శిక్ష జైలులో గడిపి 2007లో బయటికి రాగానే ఓల్డమ్ అథ్లెటిక్ అతడిని తీసుకుంది. కొందరు తప్పుపట్టారు గాని అతడు ఆడాడు, గోల్స్ చేశాడు, ఆ తర్వాత ఏళ్ల తరబడి వేర్వేరు క్లబ్‌లకు ఆడాడు. అదే ఓల్డమ్ 2015 జనవరిలో ఎవాన్స్‌ను తీసుకోబోయి ఆగిపోయింది. ఒక మనిషి ప్రాణం పోయిన కేసు కన్నా ఈ కేసు మీద ఆగ్రహం ఎక్కువ ఎందుకయింది? నిర్లక్ష్యంతో జరిగిన మరణాన్ని జనం దురదృష్టం పద్దులో రాస్తారు, లైంగిక నేరాన్ని స్వభావం పద్దులో రాస్తారు. చట్టం దాదాపు ఒకే శిక్ష వేసినా జనం మనసులో వేసే లెక్క వేరు. న్యాయవాది కాబోయే మీరు ఆ తేడాను జనం అజ్ఞానం అని కొట్టిపారేయకండి, అలాగని అదే సరైన కొలబద్ద అని కూడా అనుకోకండి.

ఇక మీ ప్రశ్నలో నేను ఒప్పుకోలేని సగం. వడ్రంగి చేసిన బల్ల కొన్నవాడు ఆ వడ్రంగి పేరు వీపు మీద రాసుకుని తిరగడు. పదేళ్ల పిల్లవాడు నిద్రపోయేటప్పుడు కూడా ఆ వడ్రంగి బొమ్మ గోడకు అంటించుకోడు. ఫుట్‌బాల్ ఆటగాడికి క్లబ్ ఇచ్చేది జీతంతో కూడిన ఉద్యోగం, దానితో పాటు వేలమంది చేత చప్పట్లు. జీతం ఇవ్వడం క్లబ్ చేతిలో ఉంది, చప్పట్లు క్లబ్ సొత్తు కావు. అభిమాని ‘నేను చప్పట్లు కొట్టను’ అంటే అతడి పని హక్కును కాలరాసినట్టు కాదు. ‘ఎక్కడా, ఎప్పటికీ ఆడనివ్వకూడదు’ అంటేనే మీరన్న ఆక్షేపణ వర్తిస్తుంది. అలా అన్నవారు కూడా ఉన్నారు, వారితో నాకు పేచీ ఉంది.

ప్రశ్న: స్కాట్లండ్‌లో ఒక పురుషుల జట్టు ఆటగాడిని తీసుకుంటే మహిళల జట్టు మొత్తం క్లబ్‌ను వదిలేసిందని చదివాను. కోర్టులో నేరం రుజువు కానివాడి మీద అంత కోపం సబబేనా? పైగా మహిళల జట్టుకు పురుషుల జట్టుతో ఏం పని?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు చదివింది కర్కాల్డీ పట్టణంలోని రెయిత్ రోవర్స్ క్లబ్ గురించి. 2022 జనవరి 31న, బదిలీల గడువు ముగిసే రోజున, ఆ క్లబ్ డేవిడ్ గుడ్‌విల్లీని తీసుకుంది. అతడి మీద వచ్చిన అత్యాచార ఆరోపణపై 2011లో ప్రాసిక్యూషన్ వారు సాక్ష్యం చాలదని క్రిమినల్ కేసు నడపలేదు. స్కాట్లండ్ చట్టంలో ఒక సాక్ష్యాన్ని మరొక సాక్ష్యం బలపరచాలన్న నియమం కఠినంగా ఉంటుంది. అప్పుడు ఆ మహిళ సివిల్ కోర్టుకు వెళ్లారు. 2017 జనవరిలో న్యాయమూర్తి, గుడ్‌విల్లీ, అతడి సహచర ఆటగాడు ఇద్దరూ ఆమెపై అత్యాచారం చేశారని తేల్చి 1,00,000 పౌండ్ల పరిహారం ఇమ్మన్నారు. అప్పీలులో కూడా వారు ఓడిపోయారు.

కాబట్టి ‘రుజువు కాలేదు’ అన్న మీ మాటను కొంచెం సవరించాలి. క్రిమినల్ కోర్టులో అసలు విచారణే జరగలేదు. సివిల్ కోర్టులో జరిగింది, అక్కడ రుజువయింది. సివిల్ కేసులో ‘సందేహానికి తావు లేకుండా’ అన్నంత కఠినమైన ప్రమాణం ఉండదు, ఏది ఎక్కువ సంభవమో చూస్తారు. అందుకే అతడిని శిక్షపడిన ఖైదీ అనకూడదు, అలాగే కేవలం ఆరోపణ ఎదుర్కొన్నవాడు అని తేలిక చేయకూడదు.

క్లబ్ మొదట ఇచ్చిన వివరణ ఏమిటంటే ఇది ప్రధానంగా ఆటకు సంబంధించిన నిర్ణయమని. ఆ మాటతో పరిస్థితి చేయి దాటింది. నేరకథల రచయిత్రి వాల్ మెక్‌డర్మిడ్ ఆ క్లబ్‌కు పుట్టినప్పటి నుంచి అభిమాని అన్నంత అభిమాని, ఆమె తండ్రి ఆ క్లబ్ కోసం కొత్త ఆటగాళ్లను వెతికి పెట్టేవారు. జెర్సీ మీద స్పాన్సర్‌గా ఉన్నది ఆమె పేరే. ఆమె వెంటనే ఆ పేరు తీయించుకున్నారు. పదేళ్లుగా ఆడుతున్న మహిళల జట్టు కెప్టెన్ కూడా తప్పుకున్నారు. ఇద్దరు డైరెక్టర్లు రాజీనామా చేశారు. అప్పటి స్కాట్లండ్ ప్రభుత్వాధినేత నికోలా స్టర్జన్ కూడా దీని గురించి మాట్లాడవలసి వచ్చింది. మూడు రోజుల్లో క్లబ్ క్షమాపణ చెప్పి, అతడు తమకు ఆడడని ప్రకటించింది. మహిళల జట్టు మాత్రం క్లబ్‌తో తెగతెంపులు చేసుకుని, మెక్‌డర్మిడ్ లేడీస్ అన్న కొత్త పేరుతో ఆడటం మొదలుపెట్టింది.

మహిళల జట్టుకు ఏం పని అన్నారు. జెర్సీ అదే, చిహ్నం అదే. ఊరిలో పదేళ్ల ఆడపిల్లకు బంతి ఇచ్చి ‘మా క్లబ్‌లో చేరు’ అని పిలిచేది అదే కార్యాలయం. వారాంతంలో పెద్దగా జనం రాని మైదానంలో, డబ్బు రాకపోయినా, ఆ రంగు కోసం ఆడేవారు వాళ్లు. క్లబ్‌లో ఎవరికైనా ఈ నిర్ణయం మీద ముందుగా అభిప్రాయం అడగాల్సి ఉంటే అది వారిని. క్లబ్ వారిని అడగలేదు, వాళ్లు టీవీ చూసి తెలుసుకున్నవారిలా మిగిలిపోయారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నింటికన్నా మింగుడుపడనిది ఇదే.

ఆ తర్వాతి కథ కూడా ఇంతే. మార్చిలో అతడిని పాత క్లబ్ క్లైడ్‌కు అరువుగా పంపారు. అక్కడ అతడు 2017 నుంచి దాదాపు అయిదేళ్లు ఆడాడు, కెప్టెన్‌గా కూడా ఉన్నాడు, అప్పుడు ఇంత గొడవ జరగలేదు. ఈసారి మాత్రం క్లైడ్ మహిళల జట్టు మూకుమ్మడిగా తప్పుకుంది. మైదానం తమదే కాబట్టి అతడిని లోపలికి రానివ్వబోమని స్థానిక కౌన్సిల్ చెప్పింది. అరువు రద్దయింది. అదే మనిషి, అదే మైదానం, అదే కోర్టు తీర్పు. 2017లో నోరు మెదపనివారు 2022లో మాట్లాడారంటే మధ్యలో మారింది వారి ధైర్యం అనుకోవాలి. ఇన్నాళ్లూ మాట్లాడలేదు కాబట్టి ఇప్పుడూ మాట్లాడకూడదనే వాదన నేను ఒప్పుకోను.

ప్రశ్న: ఈ కేసులన్నింటిలో క్లబ్‌లు వెనక్కి తగ్గింది స్పాన్సర్లు పోతారన్న భయంతోనే కదా? మరి అభిమానుల నిరసనకు విలువ ఏముంది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చాలా వరకు మీరన్నది నిజం. మినహాయింపు బోవా ఎస్పోర్టే, దానికి స్పాన్సర్లు ఒకరి తర్వాత ఒకరు దూరమయ్యారు, అయినా ఆ క్లబ్ బ్రూనోను ఆడించింది. శాంటోస్‌ విషయంలో ఒక స్పాన్సర్ తప్పుకుని మరికొందరు హెచ్చరించాకే రోబిన్హో కాంట్రాక్టు ఆగింది. ఓల్డమ్‌లోనూ స్పాన్సర్లు కదిలారు. కానీ స్పాన్సర్‌కు సొంతంగా మనస్సాక్షి మేల్కొందని నేను అనుకోవడం లేదు. పాత కేసు పత్రాలు వారికి కొత్తగా దొరకలేదు, శిక్ష సంగతి లోకమంతటికీ తెలుసు. వారు భయపడింది తమ సరుకు కొనేవారిని చూసి, ఆ కొనేవారిలో అభిమానులూ ఉన్నారు. నిరసన నేరుగా క్లబ్ గదిలోకి వెళ్లలేకపోతే దుకాణం మీదుగా వెళుతుంది. పద్ధతి గొప్పది కాదు, ఎందుకంటే స్పాన్సర్ లేని చిన్న క్లబ్‌లో, లేదా దేనికీ లెక్కచేయని యజమాని ఉన్న పెద్ద క్లబ్‌లో ఇది పనిచేయదు.

ఓల్డమ్ విషయంలో ఒకటి చేర్చాలి. ఎవాన్స్‌ను తీసుకుంటే బాగుండదంటూ తమ సిబ్బందికి, వారి కుటుంబాలకు బెదిరింపులు వచ్చాయని క్లబ్ చెప్పింది. అలా బెదిరించినవారు ఏ పక్షాన ఉన్నా, జెస్సికా ఎనిస్-హిల్‌ను బెదిరించినవాడి కోవకే చెందుతారు.

ప్రశ్న: ఇలాంటి కేసుల మీద మా ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపులో వాదనలు జరిగినప్పుడు ఎవరో ఒకరు ఆ యువతి పేరు, ఫొటో పెడతారు. విదేశీ కేసు కదా, మనకేం అవుతుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఎవాన్స్ కేసులో అభిమానుల తప్పు అన్నింటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడే, దీనికి రెండో పక్షమంటూ లేదు. 2012లో తీర్పు రాగానే ట్విట్టర్‌లో ఆ యువతి పేరు తిప్పారు, తిట్టారు. ఆ దేశంలో లైంగిక నేరాల ఫిర్యాదుదారుల పేరు బయటపెట్టడం నేరం. 9 మంది కోర్టులో నేరం ఒప్పుకున్నారు, ఒక్కొక్కరు ఆమెకు 624 పౌండ్లు చెల్లించాలని తీర్పు వచ్చింది. అది నేరమని తెలియదని వారిలో కొందరు పోలీసులకు చెప్పారు. ఆమె పేరు మార్చుకుని, పదేపదే ఇళ్లు మారవలసి వచ్చిందని ఆమె తండ్రి ఆ రోజుల్లో చెప్పారు.

పైగా ఆమె గురించి గ్రూపుల్లో నడిచే కథే తప్పు. తనపై అత్యాచారం జరిగిందని ఆమె పోలీసుల దగ్గరికి పరుగెత్తలేదు. పొద్దున హోటల్ గదిలో ఒంటరిగా మెలకువ వచ్చిందని, రాత్రి జరిగినదేదీ గుర్తు లేదని, తన హ్యాండ్‌బ్యాగ్ కనిపించడం లేదని చెప్పింది. బ్యాగ్ కోసం మొదలైన విచారణ అటు వెళ్లింది. సమ్మతి తెలిపే స్థితిలో ఆమె ఉందా లేదా అన్నది ప్రాసిక్యూషన్ లేవనెత్తిన ప్రశ్న. ఆమె అబద్ధం చెప్పిందని ఏ కోర్టూ అనలేదు, 2016 తీర్పులో కూడా ఆ మాట లేదు. ఎవాన్స్ నిర్దోషి కాబట్టి ఆమె అబద్ధాలకోరు అనడం తార్కికంగా కుదరదు.

మన సంగతి. మన దేశంలో అత్యాచార బాధితుల పేరు, గుర్తింపు బయటపెట్టడం 1983 నుంచి నేరం. పాత శిక్షాస్మృతిలో అది 228ఎ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. రెండేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా పడవచ్చు. బాధితురాలు తానే రాతపూర్వకంగా అనుమతించడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 2019లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత పోలీసులు ఆ యువ వైద్యురాలిని ‘దిశ’ అని పిలవమన్నది ఇందుకే, ఆపాటికే ఆమె అసలు పేరు, ఫొటో లక్షల ఫోన్లలో తిరిగాయి. సానుభూతితో పంపినవారే వారిలో ఎక్కువ, అయినా చట్టం ఆ తేడా చూడదు.

విదేశీ కేసులకు మన సెక్షన్లు ఎంతవరకు వర్తిస్తాయన్న చర్చ న్యాయవాదులకు వదిలేయండి. మీ గ్రూపులో అలాంటి ఫొటో వస్తే ముందుగా మీ ఫోన్‌లో తొలగించండి, ఎవరికీ పంపకండి, పెట్టినవారిని తీసేయమని అందరి ముందే అడగండి. తీయకపోతే గ్రూపు నిర్వాహకుడికి చెప్పండి, ఆయనా పట్టించుకోకపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 అని గ్రూపులో ఒక్కసారి రాయండి. చాలాచోట్ల వ్యవహారం అక్కడితో తేలుతుంది. మేం కూడా ఈ శీర్షికలో ఆటగాళ్ల పేర్లు రాశాం గాని ఆ మహిళల పేర్లు ఒక్కటీ రాయలేదు. స్కాట్లండ్ మహిళ తన పేరు తానే బహిరంగపరచుకున్నారు, ఆమె పేరు రాయడానికి చట్టపరంగా అడ్డేమీ లేదు. అయినా మీరు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఆ పేరు అవసరం పడలేదు.